కార్ఖానాలో కథ

వినాయక చవితి వెళ్లిన మఱునాడు నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చి, రంగుల అట్టతో నలువది పుటల పుస్తకమొకటి నా చేతిలో నుంచెను. అతడు నంద్యాలలోని యొక విత్తనముల కంపెనీలో ఉద్యోగి. ఆ కంపెనీ పుట్టుక, పెంపు, ఆశయములు అందు కథారూపమున వ్రాయబడియున్నవి. “అయ్యవారూ, మీరు చదివి నాలుగు మాటలు వ్రాసిస్తే రెండో ముద్రణలో వేస్తామని మా పెద్దసారు చెప్పినాడు” అని అతడు వినయముతో పలికెను. కొత్తగా చేరిన ప్రతి పనివానికిని మొదటి దినముననే ఈ పుస్తకము నిత్తురట. సోమవారము ఉదయమున అందరిని గోడౌనులో నిలిపి అందలి యొక ఘట్టమును చదివి వినిపింతురట. ఇందువలన పనివారికి కంపెనీపై అభిమానమును, ఒకరిపై నొకరికి విశ్వాసమును కలుగునని యజమానుల యాశ.

నేను సంస్కృతమును ఆంగ్లమును చదువుకొని, యిరువది సంవత్సరములుగా నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమనున్న పల్లెలలో పిల్లలకు పాఠములు చెప్పుకొనుచున్నవాడను. వ్యాపారము నాకు తెలియదు. కథ కొంత తెలియును. కథ యని పేరుపెట్టి నా చేతికిచ్చినదానిని కథగానే విమర్శించుటకు నాకు అధికారము కలదని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని. ఆ కంపెనీ పేరు చెప్పను. ఏలయన, నాకు దానియందు కనబడిన దోషములు ఆ యొక్క కంపెనీవి కావు. సంస్థకు బలము కలుగవలెనన్న కథ చెప్పవలయునను బోధ నేడు దేశదేశముల వ్యాపింపగా, ఇట్టి పుస్తకములు పెద్ద పట్టణములందును చిన్న పట్టణములందును వెలువడుచునే యున్నవి.

సాహిత్యమును వర్తకమునకు వాడుట అపచారమని కొందఱు పండితులు ముఖము చిట్లింపవచ్చును. నేను వారిలో చేరను. కావ్యప్రకాశకర్తయగు మమ్మటుడు కావ్యమువలని ప్రయోజనములను లెక్కించుచు, కీర్తి తరువాత వెంటనే ధనమును పేర్కొనెను. పంచతంత్రము వర్తకుని ప్రయాణముతో కథ నారంభించుచున్నది. గుణాఢ్యుని బృహత్కథనుండి పుట్టిన గ్రంథములలో బేరసారములు, ఓడలు, అప్పులు, లాభనష్టములు నిండియున్నవి. కావున కథ అంగడిలోనికి వచ్చుట కొత్తయు కాదు, తప్పును కాదు. అచట అది యే వేషముతో వచ్చినది, ఎవరిని చూచి మాటాడినది యనునదియే విచారింపదగిన విషయము.

మన ఆలంకారికులు ఉపదేశమును మూడు విధములుగా విభజించిరి. ప్రభువువలె శాసించునది యొకటి. మిత్రునివలె హితము చెప్పునది యొకటి. ప్రియురాలివలె మనసును మెత్తబఱచి యొప్పించునది యొకటి. వేదమును మొదటిదానికిని, పురాణేతిహాసములను రెండవదానికిని, కావ్యమును మూడవదానికిని ఉదాహరించిరి. ఈ విభాగమును కార్ఖానాకు అన్వయించి చూడుడు. ద్వారమువద్ద గోడకంటించిన నోటీసు ప్రభువు మాట. దానికి అలంకారము వలదు. స్పష్టతయే దాని గుణము. మధ్యాహ్నము సద్దిమూట విప్పుచు తోడి పనివాడు “మొన్న నేనిట్లు చేసి చెడితిని, నీవట్లు చేయకుము” అని చెప్పునది మిత్రుని మాట. ఇక మనసు కరగించి నడుపు కథ మూడవది. ఈ మూటికిని తావు కలదు. ప్రభువే ప్రియురాలి వేషము వేసికొని వచ్చినప్పుడు మాత్రము చిక్కు కలుగును. వినువాడు దానిని కథయని నవ్వి ఊరకుండలేడు. ఆజ్ఞయని యెదుట నిలిచి ప్రశ్నింపనులేడు.

ఇక పుస్తకమునకు వత్తును. గుణమును ముందు చెప్పుట న్యాయము. ఇందు పదునాఱవ పుట చక్కగా నున్నది. ఒక సంవత్సరము కంపెనీ అమ్మిన విత్తనము సరిగా మొలవలేదు. రైతులు వచ్చి వాకిట నిలిచిరి. యజమాని మొదట తప్పు నేలదనియు వానదనియు వాదించెను. తరువాత ఒక వృద్ధరైతు తన పొలమునుండి తెచ్చిన మట్టిగడ్డను బల్లపై విరిచి, కుళ్లిన విత్తనమును చూపగా, యజమానికి మాట పెగలలేదు. అతడు ఊరూర తిరిగి, పొలములు చూచి, డబ్బు మఱల నిచ్చెను. ఈ పుటలో విశేషణములు తక్కువ. యజమాని తప్పు చేసినవాడుగా కనబడుచున్నాడు. అందుచేతనే అతనిపై మనకు గౌరవము కలుగుచున్నది. నలువది పుటలలో ఈ యొక్కటి మాత్రమే రెండవమాఱు చదువ బుద్ధిపుట్టినది.

తక్కిన పుటలలో ఈ గుణము కనబడదు. యజమాని బాల్యమునుండియు ధీరోదాత్తుడు. సైకిలుపై విత్తనపు సంచి వేసికొని వానలో తిరిగిననాడును అతనికి సందేహము లేదు, భయము లేదు, ఒకరి సలహా అక్కఱలేదు. అప్పిచ్చినవాడెవడో, మొదటి గిడ్డంగికి స్థలమిచ్చినదెవరో, లెక్కలు వ్రాసిన గుమాస్తా యెవడో మనకు తెలియదు. సహాయులు లేని నాయకుని మన కావ్యములు ఎఱుగవు. కథాసరిత్సాగరమున సోమదేవుడు చెప్పిన మూషికశ్రేష్ఠి కథను చూడుడు. తండ్రిలేని బాలుడు విశాఖిలుడను వర్తకునివద్ద చచ్చిన యెలుకను మూలధనముగా పుచ్చుకొని, దానిని పిల్లికి మేతగా అమ్మి శనగలు సంపాదించి, ఆ శనగలను చల్లని నీటితో కూడ కట్టెలు కొట్టువారికి పెట్టి, వారిచ్చిన కట్టెలతో వర్తకము పెంచుకొని ధనవంతుడయ్యెను. తుదకు బంగారముతో ఎలుకను చేయించి విశాఖిలునికి పంపి ఋణము తీర్చుకొనెను. అందు బాలుని తెలివితోబాటు, పెట్టుబడి పెట్టినవాడును, కట్టెలిచ్చిన కూలివారును కథలో నిలిచిరి. ఒక వ్యాపారము పుట్టిన కథను చెప్పదలచినవారికి ఇంతకంటె మంచి మాతృక లేదు. మన పుస్తకములో బంగారుటెలుక లేదు. ఎవరికిని ఋణపడినట్లే లేదు.

మఱియొక దోషము ‘కుటుంబము’ అను మాట. మనమందఱమొక కుటుంబమని పుస్తకమందు పదునొకండుమాఱులు వచ్చినది, నేను లెక్కపెట్టితిని. కుటుంబమున హాజరు తక్కువైనందుకు కూలి కోయరు. పని తగ్గినప్పుడు ‘రేపటినుండి రావలదు’ అనరు. ఈ మాట వ్రాయుచుండగా నా భార్య ప్రక్కనుండి చదివి, “ఇంట్లో ఆడవాళ్ల పని లెక్కకు రాదు కదా, ఆ లెక్కన అది కుటుంబమే” అనెను. నేను వ్రాయదలచిన దానికంటె ఆమె మాట యెక్కువ విమర్శ. అందుచేత దానినట్లే యుంచితిని.

ఏలయన, ఆ పుస్తకమున లేనివారు ఆడవారు, అందును ఆడపిల్లలు. చదువరులలో పత్తి పొలము నెఱుగనివారికొఱకు ఆ పని కొంచెము వివరింతును. 1970 లో గుజరాతులోని సూరతు పరిశోధనా కేంద్రమున సి. టి. పటేలు హెచ్-4 అను సంకర పత్తిని వెలువరించెను. వాణిజ్యముగా సాగునకు వచ్చిన సంకర పత్తులలో ప్రపంచమున అదియే మొదటిది. పత్తి పువ్వులో స్త్రీపురుష భాగములు రెండును కలిసియుండును. రెండు రకములను సంకరము చేయవలెనన్న, మఱునాడు విచ్చుకొననున్న మొగ్గను సాయంకాలమున చేతితో ఒలిచి, పుప్పొడి తిత్తులను తీసివేయవలయును. మఱునాటి ఉదయమున వేఱొక రకపు పువ్వును తెచ్చి దాని పుప్పొడిని ఇందలి కీలాగ్రమునకు రాయవలయును. ప్రతి పువ్వునకును ఇట్లే. ఇది రెండు మూడు నెలల పని, యంత్రము చేయజాలనిది. మా ప్రాంతమున దీనిని క్రాసింగు అందురు. నంద్యాలలో 1906 లోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రము నెలకొనినది. అచట పుట్టిన పత్తి వంగడమొకటి ‘నరసింహ’ యను పేరుతో దేశమున ప్రసిద్ధి కెక్కినది. ఇట్టి నేల, ఇట్టి అనుభవము కలచోట విత్తనపు పత్తి సాగు విస్తరించుట సహజమే.

కాని ఆ మొగ్గల యెత్తునకు పిల్లల చేతులు తగినవని యొక సాకు పుట్టినది. తల్లిదండ్రులకు ముందుగా అప్పిచ్చి, పిల్లల పనితో దానిని తీర్చుకొనెడి పద్ధతి పుట్టినది. 2000 తరువాతి సంవత్సరములలో కర్నూలు జిల్లా పత్తి విత్తనపు పొలములలో పనిచేయు బాలికలను గుఱించి పరిశోధకులును స్వచ్ఛంద సంస్థలును వెల్లడింపగా దేశాంతరములందుకూడ అలజడి కలిగినది. విద్యాహక్కు చట్టము 2010 లో అమలునకు వచ్చినది. పదునాలుగేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకొనరాదని 2016 లో చట్టమును సవరించి బిగించిరి. నాటికంటె నేడు ఈ దురాచారము తగ్గినది. అంతరించినదని మాత్రము మా హాజరుపట్టీ చెప్పుట లేదు. ఆగస్టు నెల దాటగానే ఏడవ తరగతిలోను ఎనిమిదవ తరగతిలోను కొన్ని పేర్లయెదుట వరుసగా గైర్హాజరు గుఱుతులు పడును. దీపావళి తరువాత ఆ పిల్లలు మఱల వత్తురు. వ్రేళ్ల చివరలు నల్లబడియుండును, లెక్కలలో వెనుకబడియుందురు. పుస్తకములో విత్తనపు సంచి బొమ్మ ఏడు చోట్ల కలదు. ఆ విత్తనము పుట్టుటకు పువ్వును తాకిన చేయి ఒక్కచోటనైనను లేదు.

దీనిని నేను నీతిదోషముగా మాత్రమే చెప్పుట లేదు; కథాదోషముగా చెప్పుచున్నాను. కథకు కారణకార్య సంబంధము ప్రాణము. విత్తనపు కంపెనీ కథలో విత్తనము ఎట్లు పుట్టినదో చెప్పకపోవుట, రామాయణమున సేతువు కట్టినవారిని విడిచి రాముడు లంకకు చేరెననుట వంటిది. సోమవారమునాడు ఆ కథను విను పనివాడు తన చెల్లెలు పొలములో నున్నదని యెఱిగినవాడు. అతడు చేతులు కట్టుకొని వినును, చప్పట్లు కొట్టును, నమ్మడు. నమ్మని కథను వారము వారము వినిపించుటవలన అభిమానము పెరుగదు; పెద్దలయెదుట ఒకమాట, సద్దివద్ద ఒకమాట అను అలవాటు పెరుగును.

ఈ హాని ఎట్టిదో పంచతంత్రమునకు తెలిసినంత నేటి నిర్వహణశాస్త్రజ్ఞులకు తెలియదని నా యభిప్రాయము. 1853 లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికగా తెనిగించినది మొదలు మన బడులలో మిత్రలాభ మిత్రభేదములను చదువని తరము లేదు. పంచతంత్రమున మిత్రభేదకథ యెట్లు మొదలగునో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వర్ధమానుడను వర్తకుని బండిని సంజీవకము, నందకము అను రెండు వృషభములు లాగుచుండెను. సంజీవకము త్రోవలో కాలు విఱిగి కూలబడెను. వర్తకుడు మూడు రాత్రులు వేచి, కావలివారి నుంచి, ముందునకు సాగెను. కావలివారు అడవికి జడిసి మఱునాడే వెళ్లి, ‘ఎద్దు చచ్చినది, దహనము చేసితిమి’ అని యజమానికి చెప్పిరి. అతడు నమ్మి, దుఃఖించి, దానికి ఉత్తరక్రియలు జరిపించెను. ఇది యొక వ్యాపారసంస్థలో పుట్టిన మొదటి కట్టుకథ. యజమాని వినగోరునదే పనివారు చెప్పిరి. అతడు తిరిగి వెళ్లి చూడలేదు. కాని ఎద్దు చావలేదు. గడ్డి మేసి, బలిసి, యమున యొడ్డున ఱంకె వేసినది. యజమాని వినకుండ విడిచినది ఎప్పుడో ఒకనాడు అడవిలో ఱంకె వేయును.

ఆ తరువాత వచ్చిన దమనకుని చూడుడు. ఆ కొలువులో వానికంటె కథలు చెప్పనేర్చినవాడు లేడు. సింహమునకు ఎద్దుపైనను, ఎద్దునకు సింహముపైనను అనుమానము పుట్టించి, చక్కని స్నేహమును చంపినాడు. వాడు చెప్పిన కథలలో ఒక్కటియు కథగా చెడ్డది కాదు. దోషము వేఱొకచోట కలదు. వాడు ప్రతి కథను ఒక్కని చెవిలోనే చెప్పెను. సింహమును ఎద్దును ఒకచోట కూర్చుండబెట్టి చెప్పియుండినచో మొదటి కథయే నిలిచియుండదు. ఈ పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది: ఎవరిని గుఱించి కథ చెప్పుచున్నామో వారియెదుట చెప్పగలమా? చెప్పినప్పుడు ‘అది అట్లు కాదు’ అని వారు దిద్దగలరా? దిద్దగల శ్రోత లేని కథ మాఱువేషములో నున్న ఆజ్ఞయే.

దిద్దగల శ్రోతను విడిచి, డబ్బిచ్చు శ్రోతకు మాత్రమే చెప్పిన కథల గతి యేమైనదో తెలిసికొనుటకు మేము దూరము పోనక్కఱలేదు. మా ప్రాంతమున పాఱు కర్నూలు కడప కాలువ 1863 మొదలు 1870 వఱకు త్రవ్వబడినది. త్రవ్వించినది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను ఇంగ్లీషు కంపెనీ. పడవలు నడచును, సరకులు సాగును, నీటితీరువ వచ్చును, లాభములు పండును అను కథ లండనులోని ధనికులకు చెప్పబడినది. నల్లరేగడి దున్ను రైతు ఆ నీరు పుచ్చుకొనునో లేదో అతనిని కూర్చుండబెట్టి అడిగినవారు తక్కువ. ఆశించిన రాబడి రాలేదు. 1882 లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. కాలువ మంచిదే, నేడు మా పొలములకు ప్రాణము. కథ మాత్రము చెప్పవలసినవారికి చెప్పబడలేదు.

మన కాలమున హైదరాబాదులో జరిగినది చదువరు లెఱుగుదురు. 1987 లో స్థాపితమైన కంప్యూటరు సంస్థకు ‘సత్యము’ అని పేరు పెట్టిరి. తెలుగువారు తలయెత్తుకొని చెప్పుకొను కథ యది. 2008 లో ఆ సంస్థకు ఉత్తమ నిర్వహణకుగాను బహుమానముకూడ వచ్చెను. 2009 జనవరి 7 వ తేదీన సంస్థాధ్యక్షుడే లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన అయిదువేల కోట్లకు పైబడిన నగదు లేనేలేదని యొప్పుకొనెను. 2015 లో ప్రత్యేక న్యాయస్థానము అతనికిని మఱికొందఱికిని శిక్ష విధించెను. అక్కడ పనిచేసిన వేలకొలది యువకుల శ్రమ అబద్ధము కాదు. వారి శ్రమను గుఱించి పైవారు లోకమునకు చెప్పిన లెక్క అబద్ధము. సంస్థ చేతులు మాఱిన పిదపకూడ పనిని నిలిపినది ఆ శ్రమయే. పేరు ఎంత గొప్పదైనను, కథ ఎంత రమ్యమైనను, అది లెక్కల పుస్తకమునకు బదులు కాజాలదు.

ఇంత చెప్పి, కార్ఖానాలో కథయే వలదందువా యని నా శిష్యుడు అడుగకమానడు. వలదనను. కథ పనికి బలము నెట్లిచ్చునో చూడగోరువారు ఆళ్లగడ్డకు రావలయును. నంద్యాలనుండి కడప త్రోవలో గంట ప్రయాణము. అచట శిల్పుల పనిపాకలు త్రోవ ప్రక్కనే కలవు. ఉలి చప్పుడుతోబాటు కోతయంత్రపు రొదయు నేడు వినబడును. రాతిదుమ్ము ఆకులపై తెల్లగా పేరుకొనియుండును. అచటికి చేరువనున్న అహోబిలమున తొమ్మిది నరసింహమూర్తులు. జ్వాలానరసింహుని ముఖము వేఱు, లక్ష్మితో కూడిన మాలోలుని ముఖము వేఱు, యోగానందుని కూర్చుండు తీరు వేఱు. ఏ ఘట్టమునందు ఏ భావమో తెలియనివాని ఉలి కనుబొమ్మవద్ద తప్పును. అందుచేత పెద్ద శిల్పి గీత గీయుచు కథ చెప్పును. పిల్లవాడు రాయి చెక్కుచు వినును. ఇచట కథ పనికి అంటించిన రంగుకాగితము కాదు, పనిముట్లలో నొకటి. కథ తప్పినచో రాయి చెడును. కావున కథను తప్పుగా చెప్పుటకు వీలులేదు.

శిల్పులలో చెప్పుకొను జక్కనాచారి ఐతిహ్యమును ఇక్కడ తలంపవలయును. అట్టి శిల్పి నిజముగా నుండెనా యని చరిత్రజ్ఞులు సందేహింతురు. ఆ సందేహము మన ప్రసంగమునకు అడ్డు కాదు. బేలూరున ఆయన చెక్కిన మూర్తిలో దోషము కలదని తెలియని బాలుడొకడు పలికెనట. దోషము చూపినచో చేయి నఱకుకొందునని ఆయన శపథము పట్టెను. బాలుడు మూర్తికి గంధము పూయగా నాభివద్ద తడి ఆఱలేదు. ఉలితో తాకగా నీరును ఇసుకయు కప్పయు బయటపడెను. గురువు శపథము చెల్లించుకొనెను. ఆ బాలుడు తన కుమారుడని తరువాత తెలిసెను. శపథమును నేను మెచ్చను. చేయి నఱకుకొను శిక్ష యెవరికిని వలదు. కాని తరతరముల శిల్పులు తమ పనిపాకలో ఏ కథను నిలుపుకొనిరో గమనింపుడు. మహాశిల్పి గొప్పతనమును మాత్రమే చెప్పు కథను కాదు. అతని తప్పును ఒక పిల్లవాడు చూపగలిగిన కథను. ఆ కథ విన్న శిష్యుడు ‘రాతిలో పగులున్నది’ అని గురువునకు చెప్పుటకు జంకడు. పని చెడకుండ నిలుపునది ఈ జంకులేమియే.

పశ్చిమదేశమున జరిగిన పరిశోధన యొకటి ఇదే చెప్పుచున్నది. జిరాక్సు కంపెనీ యంత్రములను బాగుచేయు పనివారి వెంట తిరిగి, వారి పనిని చూచి, జూలియన్ ఆర్ అను పరిశోధకుడు 1996 లో ఒక గ్రంథము ప్రకటించెను. యంత్రమున కేమి చెడినచో నేమి చేయవలయునో కంపెనీ పుస్తకములు అచ్చువేసి యిచ్చియుండెను. కాని పుస్తకములో లేని జబ్బులు యంత్రమునకు వచ్చుచుండెను. పనివారు ఫలహారమువేళ కలిసి కూర్చుండి, తాము మొన్న మోసపోయిన యంత్రమును గుఱించి కథలు చెప్పుకొనుచు ఆ విద్యను పంచుకొనిరి. పైకి చూడ నది కాలక్షేపము. నిజమున నదియే వారి పాఠశాల. పిమ్మట కంపెనీయే మేలుకొని, పనివారి యుపాయములను తోడి పనివారే పరీక్షించి చేర్చునట్లు ఒక భాండారమును ఏర్పఱచెను. చూడుడు, మిత్రుని మాటకు ఎంత బలమో! అందులోని కథలన్నియు తప్పుల కథలు. దిద్దగల శ్రోతలయెదుట చెప్పినవి. మన పుస్తకములోని పదునాఱవ పుట కూడ ఈ జాతిదే.

అయితే మంచి కథకైనను ఒక హద్దు కలదు. కనుమనాడు మొదలిడి అహోబిలస్వామి పల్లకి నలువది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములు తిరుగును. దానిని పారువేట యందురు. తన పెండ్లికి తానే ఊరూర తిరిగి పిలుచుకొనునని కథ. చెంచులక్ష్మిని వలచి పెండ్లాడెను గనుక చెంచులు పెండ్లికూతురి పక్షమువారు. ప్రతి యూరికిని, ప్రతి కులమునకును ఆ కథలో ఒక పాత్ర కలదు. ఎవరును వట్టి ప్రేక్షకులు కారు. ఒక పెద్ద కార్యమును ఇందఱిచేత ఇష్టముతో చేయించు కథ యెట్లుండవలయునో ఇది చూపును. కాని దేవుని బావమఱదులైన చెంచులు నల్లమలలో నేటికిని మిక్కిలి పేదలుగానే యున్నారు. కథలో దొరకిన గౌరవము గంజిలో ఉప్పు కాజాలదు. కథ చెప్పినంతమాత్రమున యజమాని ఋణము తీఱదు. కూలి, విరామము, వైద్యము, బిడ్డలకు బడి, వీని లెక్క వేఱుగా చెల్లింపవలసినదే.

కావున నా శిష్యునికి నేను వ్రాసి యిచ్చిన నాలుగు మాటలివి. ఒకటి: పదునాఱవ పుటను మొదటి పుటగా చేయుడు. రెండు: అప్పిచ్చినవారి, లెక్క వ్రాసినవారి, మూటలు మోసినవారి పేర్లను వారి సమ్మతితో చేర్చుడు. మూడు: సోమవారము చదువుటకు ముందు ఆ ఘట్టమును అందులోని మనుష్యులయెదుట చదివి, వారు దిద్దినట్లు దిద్దుడు, నెలకొక సోమవారము పైవారు నోరు మూసికొని పనివారు చెప్పు కథను వినుడు. నాలుగు: విత్తనము పుట్టిన కథను వ్రాయుడు. దానిని వ్రాయుటకు సిగ్గు కలిగినచో పుటను కాదు, పొలమును దిద్దుడు.

అతడు చదివి చాలసేపు మాటాడలేదు. “మొదటి మూడు చెప్పగలను అయ్యవారూ, నాలుగోది నా నోట రాదు” అనెను. అతడు చెడ్డవాడు కాడు. ఇంట ఇద్దఱు చిన్నపిల్లలు, ముసలితల్లి. ఆ మాటయే ఆ పుస్తకముపై నా తుది విమర్శ. నాలుగవ మాటను యజమానితో చెప్పుటకు జంకని ఉద్యోగి యున్ననాడు ఆ కంపెనీకి కథల పుస్తకము అక్కఱలేదు. అట్టివాడు లేనంతకాలము ఎన్ని ముద్రణలు వేసినను ఫలము లేదు.

రెండవ ముద్రణలో నా మాటలు పడునో లేదో నాకు తెలియదు. గృహములలో ఈ పత్రికను చదువు తల్లులు, తండ్రులు ఒక్క పని చేయవలయునని కోరుచున్నాను. మీ బిడ్డలు ఏ సంస్థలో చేరినను, ఆ సంస్థ తన కథను వారికి వినిపించినప్పుడు, ఇందులో లేనివారెవరని అడుగుటకు వారికి నేర్పుడు. నేను నేటి ఉదయమున ఎనిమిదవ తరగతిలో హాజరు పిలిచితిని. మూడు పేర్లకు పలుకు రాలేదు.